పెళ్లికొడుకుగా ఆ రోజు మీకు ఏం గుర్తుంది? ఒడిశా, మహారాష్ట్ర అంచుల్లో ఉన్న తెలుగువాళ్లు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. వచ్చే వైశాఖంలో నా పెళ్లి. అమ్మాయిది బరంపురం, ఒడియా కుటుంబం. ఇంట్లో పొద్దున లేస్తే చీరలు, బంగారం, వంటవాళ్లు, ఎవరికి ముందు శుభలేఖ ఇవ్వాలి అన్న మాటలే. నా సందేహం వేరే. మా అక్కని తన పెళ్లి గురించి అడిగితే మంగళస్నానం నుంచి అప్పగింతల దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మా బావని అడిగితే "బాగా జరిగింది" అన్నాడు. నాన్నని అడిగితే "ఉక్కగా ఉండేది" అన్నారు, అంతే. పీటల మీద కూర్చున్న మగవాడికి లోపల ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు. ఆల్బమ్‌లో కనిపించేది కాకుండా, మీకు నిజంగా గుర్తున్నది రాయండి. చిన్నదైనా పర్వాలేదు.

సిరోంచ మాస్టారు (సిరోంచ, గడ్చిరోలి):
బాబూ, నా పెళ్లి 1981 మే నెలలో. అప్పటికి గడ్చిరోలి జిల్లా ఇంకా ఏర్పడలేదు, మేం చంద్రపూర్ జిల్లా కిందే ఉండేవాళ్లం. అమ్మాయిది గోదావరి అవతల, మహదేవపూర్ దగ్గర పల్లె. కాళేశ్వరం దగ్గర ఇప్పుడున్న వంతెన అప్పుడు లేదు. వేసవి కాబట్టి నదిలో చాలా మేర ఇసుకే. ఆ ఇసుకలో నడిచి, నీళ్లున్న పాయ మాత్రం నాటుపడవలో దాటాలి. సూర్యుడు దిగాక బయలుదేరాం. అయినా ఇసుక కాళ్లను కాలుస్తూనే ఉంది. నేను చెప్పులు లేకుండా నడవాలని మా పెద్దమ్మ పట్టు పట్టింది. మా బాపు ఏమీ అనకుండా తన తలపాగా విప్పి, చింపి, నా రెండు పాదాలకూ చుట్టాడు. పెళ్లికని కొన్న కొత్త తలపాగా అది.

అవతలి ఒడ్డున పడవాయనకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "పెళ్లికొడుకును దాటించినందుకు పైసలు తీసుకోను, ఆకు వక్క ఇవ్వండి" అన్నాడు.

పెళ్లి తెల్లవారుజామున. పురోహితుడు మంథని నుంచి వచ్చాడు. మా వైపు ఇటు సిరోంచ దాకా పెళ్లిళ్లకు మంథని నుంచే వచ్చేవారు. ఆయన మంత్రాలేవీ నాకు గుర్తులేవు. కాళ్లు కడిగిన ఘట్టం గుర్తుంది. మా మామ వ్యవసాయం చేసేవాడు. పళ్లెంలో నా పాదాలు పెట్టించుకుని ఆయన నీళ్లు పోస్తుంటే, ఆ అరచేతుల గరుకు నా పాదాలకు తగిలింది. నాకంటే వయసులో అంత పెద్దాయన నా కాళ్లు పట్టుకోవడం ఏమిటని వెనక్కి లాక్కోబోయాను. ఆయన గట్టిగా పట్టుకుని, నా వైపు చూడకుండానే, "ఆగు బిడ్డా, ఇది నా పని" అన్నాడు. పెళ్లంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు దాకా నాకు పెళ్లంటే ఒక అమ్మాయి మొహం మాత్రమే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా బాపు చింపిన తలపాగా ముక్క ఒకటి మా ఆవిడ పెట్టెలో ఇంకా ఉంది.

వంశధార గట్టు (గుణుపురం, రాయగడ జిల్లా):
మాస్టారి మాటల తర్వాత నా కథ చిన్నదే. మాలో పెళ్లి మగపిల్లవాడి ఇంటి దగ్గర చేస్తారు, శ్రీకాకుళం వైపు చాలామందిలో ఉన్న పద్ధతే. అంటే పెళ్లికూతురే బయలుదేరి రావాలి. నాది 1979, అప్పట్లో గుణుపురం కోరాపుట్ జిల్లా. అమ్మాయిది టెక్కలి. వాళ్లు రావలసింది నౌపడా నుంచి వచ్చే చిన్న రైల్లో. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది, 1900లో పర్లాకిమిడి దాకా వచ్చింది, 1931 నాటికి మా గుణుపురం చేరింది. బొగ్గింజను. ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో దానికే తెలియాలి.

ఆ రోజు రైలు రాలేదు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది. నన్ను పసుపు బట్టలతో ఇంట్లో కూర్చోబెట్టారు, బయటకు వెళ్లకూడదని. మా నాన్న స్టేషన్‌కి, ఇంటికి మధ్య తిరుగుతూనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా నా మొహం చూసి "కాశీనగరం దాటిందట" అనేవారు. ఆ మాట నమ్మి నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అసలు ఆయనకు ఏ కబురూ అందలేదని, నాకు టెన్షన్ తగ్గించడానికే అలా చెప్పారని తర్వాత స్టేషన్‌లో పనిచేసే మా చిన్నాన్న చెప్పాడు. చీకటి పడ్డాక కూత వినిపించింది. నా పెళ్లిలో సన్నాయి ఎవరు వాయించారో గుర్తులేదు కానీ ఆ కూత ఇప్పటికీ చెవిలో ఉంది. 2004లో ఆ చిన్న పట్టాలు తీసేసి, తర్వాత పెద్ద లైను వేశారు. మా పిల్లలకు చెబితే నమ్మరు.

కిన్వట్ కోడలు (కిన్వట్, నాందేడ్ జిల్లా):
మగవాళ్లను అడిగారు, నేను ఆడదాన్ని, క్షమించాలి. మా ఆయన ఇలాంటివి రాయరు కాబట్టి ఆయన తరఫున నేను రాస్తున్నాను. నాది ఆదిలాబాద్. మా పెళ్లి శ్రావణంలో కిన్వట్‌లో జరిగింది. చుట్టుపక్కల మరాఠీ వాళ్లంతా ఆశ్చర్యపోయారు. వాళ్లకు ఆషాఢ ఏకాదశి మొదలు కార్తీకంలో తులసి పెళ్లి అయ్యేదాకా ముహూర్తాలు ఉండవు. మనకేమో ఆషాఢం పోయి శ్రావణం రావడమే ఆలస్యం. అయినా అందరూ వచ్చారు. మా ఆయన స్నేహితుడొకడు, మరాఠీ అబ్బాయి, తెర పట్టుకున్నప్పుడు వాళ్ల మంగళాష్టకాలు పాడతానని అడిగాడు. మా పంతులుగారు ఒప్పుకున్నారు. "శుభ మంగళ సావధాన" అన్నప్పుడల్లా వాళ్ల వైపు నుంచి అక్షతలు పడ్డాయి. ఆ తర్వాత మన జీలకర్ర బెల్లం.

అంతా మామూలే అనుకున్నాను. మొన్నీమధ్య మా అమ్మాయి పెళ్లి మాటల్లో ఉండగా ఆయన నాతో అన్నారు: "తెర దించేముందు నీ చేయి వణుకుతుంటే కనిపించింది. నాది కూడా వణుకుతోంది. ఇద్దరమూ భయపడుతున్నామని తెలిసి ధైర్యం వచ్చింది." తెర కింద మా ఇద్దరి చేతులే కనిపించేవి, ఆయన ఆ చేతులనే చూస్తూ ఉన్నారట. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవరూ అడగలేదు" అన్నారు. తమ్ముడూ, నువ్వు అడిగి మంచి పని చేశావు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అక్కా, మాస్టారూ, అన్నా, మీ ముగ్గురివీ నాన్నకి చదివి వినిపించాను. గుణుపురం అన్న రాసింది విని ఆయన చాలాసేపు ఆ చిన్న రైలు గురించే మాట్లాడారు.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు విషయం. పెళ్లి బరంపురంలో, వాళ్ల పద్ధతిలో. వాళ్లలో వరుడి తల్లి పెళ్లికి వెళ్లకూడదు, ఇంట్లోనే ఉండి కోడలిని ఆహ్వానించాలి. వాళ్లు బలవంతం చేయలేదు, ఆనవాయితీ ఇదని మర్యాదగానే చెప్పారు. నాన్న "వాళ్ల పద్ధతి గౌరవించాలి" అంటున్నారు. అమ్మ ఏమీ అనడం లేదు. మా ఇంట్లో పసుపు కొట్టడం దగ్గర నుంచి తలంబ్రాలు కలపడం దాకా ప్రతి పెళ్లీ అమ్మ చేతుల మీదే నడిచింది. నా పెళ్లికి మాత్రం ఆవిడ ఉండకూడదంటే నాకు మనసు ఒప్పడం లేదు. ఇలా ఒడియా ఇంటి అల్లుళ్లయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బరంపురం బావ (ఇప్పుడు బరంపురం, సొంతూరు కాశీనగరం):
నేనున్నాను తమ్ముడూ. 2003లో నా పెళ్లి, అచ్చం నీ పరిస్థితే. మా అమ్మ రాలేదు. అది ఆవిడ నిర్ణయమే, ఎవరూ ఆపలేదు. "వాళ్ల ఇంటి పిల్లని తెచ్చుకుంటున్నాం, మొదటి రోజే వాళ్ల మాట కాదనడం ఎందుకు" అంది.

ముందు వాళ్ల పెళ్లి ఎలా ఉంటుందో చెబుతాను, నీకు పనికొస్తుంది. బరజాత్రి, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, బయలుదేరడం రాత్రి, బ్యాండు, దీపాలు. నీ తలకు సోలాతో (తేలికైన బెండుతో) చేసిన ముకుటం పెడతారు. మన బాసికం కంటే పెద్దది, తల వంచితే జారుతుంది, కాబట్టి పిన్నులు గట్టిగా పెట్టించుకో. బేదీ (పెళ్లి వేదిక) మీద కూర్చున్నాక ప్రతి ముఖ్యమైన ఘట్టానికీ ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ హుళహుళి చేస్తారు, శంఖం ఊదుతారు. మనకు గట్టిమేళం ఎలాగో వాళ్లకు అది. నీ చేతిని, అమ్మాయి చేతిని కలిపి దర్భతో కడతారు, హాతగంఠి అంటారు. లాజహోమం మనలాగే, పేలాలు అమ్మాయి అన్నదమ్ములు పోస్తారు. ఇంకొకటి: అమ్మాయి తమ్ముడు వచ్చి నీ వీపు మీద ఒక గుద్దు గుద్దుతాడు. శళా బిధా అంటారు. మా అక్కని జాగ్రత్తగా చూసుకో అని చెప్పడమే అది. నా బావమరిది అప్పుడు ఎనిమిదో తరగతి. గుద్దేముందు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, చేయి ఎత్తి ఆగిపోయాడు. నేనే "కొట్టరా" అన్నాను. కొట్టి నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఇప్పుడు వాడికి ఏ కష్టమొచ్చినా మొదట ఫోన్ చేసేది నాకే.

ఇక అమ్మ సంగతి. మా మామగారింట్లో ల్యాండ్‌లైన్ ఉండేది. హాతగంఠి కట్టే సమయానికి మా మేనమామ కాశీనగరంలో మా పక్కింటికి ఫోన్ కలిపి, రిసీవర్‌ని తీగ సాగినంత దూరం లాగి కిటికీలోంచి బయటకు పట్టుకున్నాడు. అమ్మ అక్కడ పక్కింట్లో నిలబడి శంఖం, హుళహుళి వింది. నాకది పీటల మీద నుంచి కనిపిస్తోంది, కిటికీలో ఒక చేయి, చేతిలో రిసీవర్. నేను మంత్రం చెబుతూ చూస్తున్నది దాన్నే. మర్నాడు గుమ్మంలో అమ్మ హారతి ఇస్తూ "అంతా విన్నాను" అంది. పెళ్లి గొప్పగా జరిగింది, అయినా ఆ లోటు లోటే. అబద్ధం చెప్పను.

రాయగడ కొండగాలి (రాయగడ):
బావగారి మీద గౌరవంతోనే నేను ఒప్పుకోను. నా భార్య కూడా ఒడియా అమ్మాయే. మా అమ్మ పెళ్లికి వచ్చింది, ముందు వరుసలో కూర్చుంది, ఏ అరిష్టమూ జరగలేదు. తల్లి ఇంట్లో ఉండాలనడానికి పెద్దలు చెప్పే కారణం నాకు తెలుసు. మగవాళ్లంతా రెండు మూడు రోజులు బరజాత్రి అని వెళ్లిపోతే ఇంటిని కనిపెట్టుకునేవాళ్లు ఉండాలి, కోడలు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి. బండ్ల మీద వెళ్లిన రోజుల్లో అది సబబే. ఇప్పుడు రాత్రి వెళ్లి పొద్దున వచ్చేస్తున్నాం. కొడుకు పెళ్లి తల్లి ఎందుకు చూడకూడదు? మా మామగారి తండ్రే, పాతకాలం మనిషి, "ఆవిడ లేకుండా ఈ పిల్లాడు ఎక్కడి నుంచి వచ్చాడు, పిలవండి" అన్నాడు. నాకు నా పెళ్లిలో అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ మాటే. పెళ్లయ్యాక మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడు అమ్మవారి ముందు ఆ తాతగారి పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టాను.

బరంపురం బావ:
కొండగాలి అన్నా, నీ మామగారి తండ్రి లాంటి మనిషి ప్రతి ఇంట్లో ఉండడు. ఉంటే మంచిదే. లేనిచోట గొడవ పెట్టుకుని తల్లిని ముందు వరుసలో కూర్చోబెడితే, ఆ తల్లికి ఆ కూర్చోవడం సుఖంగా ఉంటుందా? పెళ్లిలో ఆవిడ వైపు చూసే ప్రతి చూపూ ఆవిడే మోయాలి.

రాయగడ కొండగాలి:
గొడవ పెట్టుకోమని అనలేదు. అడగమన్నాను. అడగకుండానే తప్పుకోవడం వద్దన్నాను.

సిరోంచ మాస్టారు:
ఇద్దరూ సరైన మాటే చెప్పారు. కానీ బాబూ, నువ్వు రాసినదాంట్లో "అమ్మ ఏమీ అనడం లేదు" అని ఉంది. నువ్వు ఆవిడను అడిగావా? నీ మనసు ఒప్పడం లేదన్నావు, నాన్న మాట రాశావు, వాళ్ల మాట రాశావు. ఆవిడ మాట లేదు. మా రోజుల్లో తల్లిని ఎవరూ అడిగేవారు కాదు. మా అవ్వ, అంటే మా అమ్మ, నదికి ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. ఇంట్లో పశువులున్నాయని అన్నారు. ఆమెకు రావాలని ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

కిన్వట్ కోడలు:
మాస్టారు చెప్పినట్టు ముందు అడుగు తమ్ముడూ. నాన్న లేనప్పుడు అడుగు. వంటింట్లో అడుగు. హాల్లో నలుగురిలో అడిగితే "నాకేముంది, మీ ఇష్టం" అంటుంది.

వంశధార గట్టు:
ఇంకో సంగతి, ముహూర్తం గురించి రెండు వైపులా పంచాంగాలు చూపించారా? మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ల చాంద్రమాసం పున్నమితో. బహుళ పక్షం తిథి అయితే మనం ఒక నెల పేరు చెబుతాం, వాళ్లు తర్వాతి నెల పేరు చెబుతారు. మా మేనల్లుడి పెళ్లికి ఈ తేడా తెలియక రెండిళ్ల పెద్దలు వేర్వేరు తేదీలు అనుకుని హాలు దగ్గర చిక్కు వచ్చింది. శుభలేఖలో ఇంగ్లీషు తేదీ, గంటలు స్పష్టంగా వేయించండి.

మహేంద్రతనయ:
అన్నా, మాది వైశాఖ శుద్ధంలోనే, కాబట్టి ఇద్దరికీ వైశాఖమే. తేదీ సరిచూసుకున్నాం. అరుంధతిని చూపించడం వాళ్లలో ఉందో లేదో అడగలేదు, మా ఇంట్లో మాత్రం తప్పనిసరి. మేడమీద నుంచి కనిపిస్తుందా?

సిరోంచ మాస్టారు:
వైశాఖ రాత్రి అయితే నీకు అదృష్టమే. ఆ రోజుల్లో చీకటి పడ్డాక, తొమ్మిదింటి ప్రాంతంలో, ఉత్తరం వైపు తిరిగి తలెత్తితే సప్తర్షి మండలం బాగా పైన ఉంటుంది. గరిటె ఆకారంలో కాడ వైపు చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా మెరిసేది అరుంధతి. బరంపురం వీధి దీపాల్లో కష్టమవుతుంది కాబట్టి చిన్న దుర్భిణి ఉంటే జేబులో పెట్టుకో. చాలా పెళ్లిళ్లలో పగలే చూపించేసి "కనిపించిందా" అంటే "కనిపించింది" అనిపిస్తారు. నా పెళ్లిలో తెల్లవారకముందు వాయవ్యాన వాలుతూ నిజంగానే కనిపించింది. మా ఆవిడే ముందు చూసి నాకు చూపించింది.

మహేంద్రతనయ:
అడిగాను. అక్క చెప్పినట్టు వంటింట్లోనే అడిగాను. అమ్మ ముందు "నాకేముందిరా" అంది. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. కాసేపటికి స్టవ్ కట్టేసి చెప్పింది. తనకు రావాలని ఉంది. కానీ కోడలు మొదటిసారి గుమ్మం దాటేటప్పుడు హారతి పట్టుకుని నిలబడేది తనే కావాలని కూడా ఉంది. రెండూ ఎలా కుదురుతాయో తెలియక ఊరుకుంది. ఇది ఆనవాయితీ గురించిన బాధే కాదు, మేమందరం అలా అనుకున్నాం.

సాయంత్రం అమ్మే అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. అమ్మకి ఒడియా బాగా వచ్చు, పర్లాకిమిడి బజారులో పుట్టి పెరిగిన మనిషి. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా చెప్పలేదు. తేలింది మాత్రం ఇది: అమ్మ బరంపురం వస్తుంది, ముహూర్తం చూస్తుంది. హాతగంఠి విప్పాక భోజనం చేసి, మా కంటే ముందు బయలుదేరి ఇంటికి చేరుకుంటుంది. మేం వచ్చేసరికి గుమ్మంలో ఉంటుంది. మర్నాడు సాయంత్రం మా ఇంట్లో మన పద్ధతిలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. వాళ్ల వైపు పెద్దలు దానికి వస్తామన్నారు. నాన్న "ఇదేదో బాగుంది" అన్నారు.

రాయగడ కొండగాలి:
చాలా సంతోషం తమ్ముడూ. అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

బరంపురం బావ:
నాకూ చాలా తృప్తిగా ఉంది. మా ఇంట్లో ఈ ఆలోచన ఎవరికీ రాలేదు. ముహూర్తం ఎన్ని గంటలకు? అర్ధరాత్రి దాటితే అమ్మగారిని ఒంటరిగా డ్రైవర్‌తో పంపొద్దు. బరంపురం నుంచి పర్లాకిమిడికి దారిలో కొండలు, మలుపులు ఉన్నాయి.

మహేంద్రతనయ:
ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. అక్క, బావ అమ్మతోపాటే వస్తారు. డ్రైవర్‌ని సాయంత్రం పడుకోబెట్టి మరీ తీసుకొస్తానని బావ మాటిచ్చాడు.

బరంపురం బావ:
అయితే మా ఇల్లు హాలుకి దగ్గరే, డ్రైవర్‌ని మా ఇంట్లో పడుకోమను. భోజనం మా ఆవిడ పెడుతుంది. అమ్మగారు కూడా బయలుదేరేముందు కాసేపు నడుం వాల్చవచ్చు. నీకు మెసేజ్‌లో నా నంబరు పంపుతున్నాను.